పొట్లపాదు వాసన

పొట్లకాయకి రాయి కట్టి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగినా ఆ వాసన పోలేదు. పొట్ల ఆకు తెలిసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఆకు మీద చెయ్యి ఆనితే చాలు, పచ్చిగా, ఘాటుగా, కాస్త వెగటుగా వేళ్ళకి అంటుకుపోతుంది. ఈ పాదు హైదరాబాదులో అపార్ట్‌మెంటు మేడ మీద, సగానికి కోసిన నీలం డ్రమ్ములో పెరిగింది. ఆ వాసన తగిలేసరికి మాత్రం కళ్ళముందుకొచ్చింది కోనసీమలోని ఓ పెరడు. కొబ్బరి నీడ పడని మూల చూసి వేసిన పందిరి, దాని కింద తలలు వంచుకుని నడిచే పెద్దవాళ్ళు, కిర్రుమనే నూతి గిలక, అన్నీ ఒక్కసారే వచ్చేశాయి.

పొట్లకాయకి రాయి కట్టడం ఆ రోజుల్లో పెద్దవాళ్ళ పని. పిల్లల చేతికి ఇచ్చేవారు కాదు. కాయ జానెడు పొడుగు వచ్చేదాకా ఆగాలి. అంతకు ముందే కడితే తొడిమ తట్టుకోలేక పిందె ఊడి చేతికొస్తుంది. మరీ ఆలస్యమైతే అప్పటికే చుట్ట చుట్టుకున్న కాయ మళ్ళీ సాగదు. అరటి దొప్ప నుంచి నార చీల్చి నీళ్ళలో నానబెట్టేవారు. కాయ తోక దగ్గర, ఎండిన పువ్వుకి అంగుళం పైన రెండు చుట్లు చుట్టి వదులుగా ముడి వేసేవారు. నూలు దారమైతే కాయ లావయ్యేకొద్దీ చర్మంలోకి దిగి కోసేస్తుంది, తడి నార దిగదు. రాయి ఉసిరికాయంత ఉంటే చాలు, 50 గ్రాములకి మించకూడదు.

అసలు కాయ వంకర ఎందుకు తిరుగుతుంది? పందిరి కర్రకో తీగకో ఒక పక్క ఆనిందంటే ఆ పక్క ఎదుగుదల నెమ్మదించి, రెండో పక్క సాగిపోతుంది. పండు ఈగ కుట్టినా అలాగే మెలి తిరుగుతుంది. అందుకని రాయి కట్టేముందు కాయని పైనుంచి కింది దాకా చూసుకోవాలి. ఎక్కడైనా జిగురు చుక్క కనిపిస్తే అది ఈగ కుట్టిన చోటు. ఆ కాయకి రాయి కట్టి లాభం లేదు, అప్పుడే కోసెయ్యాలి. మంచి కాయలైతే పది పన్నెండు రోజుల్లో నిటారుగా దిగి, పందిరి కిందికి వెళ్ళినవాళ్ళ భుజాలకి తగిలేవి. గోరు గుచ్చితే సులువుగా దిగాలి, అదీ కోతకి గుర్తు. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే లోపల పీచు కట్టేస్తుంది.

*

క్యాలెండరు గోడకి వేలాడుతూ ఉండేదే గానీ తోట నడిచేది కార్తెల మీద. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, సరిగ్గా ఆ ఎండలోనే పాదులు తవ్వేవారు. మూర లోతు, మూర వెడల్పు. తవ్వగానే నింపెయ్యరు. గొయ్యి నోరు తెరుచుకుని, మట్టి గట్టుగా పోసి ఉండగా రెండు వారాలు ఎండాలి. మట్టిలో దాగిన వేరుపురుగులు, పండు ఈగ గూళ్ళు ఎండకి మాడిపోయేవి. మిగిలినవి కోళ్ళు కెలికి తినేసేవి. ఇప్పుడు మేడ మీద పాత మట్టిని మళ్ళీ వాడుకునేవాళ్ళు మే నెలలో దాన్ని పరదా పట్టా మీద పల్చగా పరిచి పదిహేను రోజులు ఎండబెడితే చాలు, రోహిణి కార్తె చేసే పని అదే.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వచ్చేది. తొలకరి పడగానే గోతుల్లోకి రెండు తట్టల చివికిన పశువుల ఎరువు, చేటెడు కట్టెల బూడిద, ఆపైన కాలువ ఒండ్రు. ఈ ఒండ్రు సంగతి డెల్టా వాళ్ళకే తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఆ కాలువలే మా వైపు ప్రాణం. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున నల్లగా, వెన్నలా ఒండ్రు మిగిలేది. తట్టలతో మోసుకొచ్చి పెరట్లో కుప్ప పోసుకునేవారు. ఎరువు మాత్రం ఏడాది చివికి ఉండాలి, చేత్తో నలిపితే టీపొడిలా రాలాలి, పేడ వాసన రాకూడదు. పచ్చిపేడ వేస్తే వేళ్ళు మాడతాయి, పైగా తెల్లటి లావుపాటి వేరుపురుగులు చేరతాయి.

పొట్ల గింజకి పెంకు మందం. ఒక రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి వరిగడ్డిలో దాస్తే మూడో రోజుకో నాలుగో రోజుకో ముక్కు పగిలేది. ఆ ముక్కు కిందికి ఉండేలా అంగుళం లోతున, పాదుకి నాలుగు గింజలు. నాలుగాకులు వచ్చాక బలంగా ఉన్న రెండిటిని ఉంచి మిగతా రెండిటినీ గోటితో గిల్లేసేవారు. పీకితే ఉంచిన మొక్క వేళ్ళు కూడా కదిలిపోతాయి.

మొలక రాగానే ఎర్ర పెంకుపురుగు దిగుతుంది. రెండు విత్తనపాకుల్నీ ఒక్క పూటలో జల్లెడ చేసేస్తుంది. అందుకే తెల్లారకముందే, ఆకు మీద మంచు ఆరకముందే, పల్చటి గుడ్డలో బూడిద మూటకట్టి మొలకల మీద దులిపేవారు. తడి మీద బూడిద అంటుకుని నిలుస్తుంది. ఆ వేళకి పురుగు కూడా మగతగా ఉండి ఎగరలేదు కాబట్టి చేత్తో ఏరి నీళ్ళ చెంబులో వేసెయ్యొచ్చు. పొద్దెక్కాక బూడిద చల్లితే గాలికి పోతుంది, పురుగు పక్కపాదు మీదకి ఎగురుతుంది. అంతా ఆ అరగంటలోనే ఉంది.

పందిరికి సరుగుడు గుంజలు. భూమిలో పాతే కొసని ముందు నిప్పుల మీద నల్లగా కాల్చి మరీ పాతేవారు, చెద పట్టకుండా. ఆరడుగుల ఎత్తున వెదురు బద్దలు పరిచి, తడిపిన తాటినారతో కట్లు. తీగ పైకి పాకేదాకా కింద వచ్చే పక్కకొమ్మల్ని గిల్లెయ్యాలి. పందిరి ఎక్కి మూరెడు పాకాక మాత్రం తల తుంచాలి. పొట్లకి ఆడపూలు ఎక్కువగా పక్కకొమ్మల మీదే వస్తాయి. తల తుంచని తీగ పొడుగ్గా పరిగెడుతుందే గానీ అంతగా కాయదు.

*

నెల మొదట్లో సబ్ ట్రెజరీ అరుగు మీద పెన్షనుదార్లు చేరేవారు. హెడ్మాస్టరు గారు, పోస్టుమాస్టరు గారు, రైల్వే గార్డు గారు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు. అప్పట్లో రాష్ట్ర ఉద్యోగం 58కి ముగిసేది. 1983లో ఆ వయసు 55కి తగ్గించినప్పుడు చాలామంది అనుకోకుండా ఒక్కసారే ఇంటికొచ్చేశారు. చేతులు ఖాళీగా ఉంచుకోలేని మనుషులు, గునపం పట్టుకున్నారు. పిలుపు వచ్చేదాకా అరుగు మీద కూర్చుని వాళ్ళు మాట్లాడుకున్న మాటల్లో సగం తోట మాటలే.

"ఏవండీ మాస్టారూ, మీ బెండకి పల్లాకు వచ్చిందటగా?"

"వచ్చిందండీ గార్డు గారూ. ఆరు మొక్కలు పీకి కాల్చేశాను. అది చుట్టం లాంటిది కాదండీ, ఒకదాన్ని ఉంచితే మొత్తం వరసంతా పోతుంది."

ఆ బెండ పూసా సావని. ఢిల్లీ నుంచి వచ్చిన రకం. పల్లాకు తెగులుకి తట్టుకుంటుందని ఊరూరా వేసుకున్నారు. కొన్నేళ్ళకి ఆ శక్తి సన్నగిల్లింది. ఈనెలు ముందు పసుపెక్కి, తర్వాత ఆకంతా పాలిపోయి, కాయ తెల్లగా గిడసబారిపోయేది. ఆ తెగులు మోసుకొచ్చేది తెల్లదోమ. జబ్బు పడ్డ మొక్కకి మందు లేదు, పీకడమే. ఆ తర్వాత పర్భణి క్రాంతి, బెంగుళూరు నుంచి అర్కా అనామిక వచ్చాయి. కొత్త రకం పేరు మా వైపు ముందుగా వినబడింది ఆ అరుగు మీదే.

చొక్కా జేబుల్లోంచి పొట్లాలు బయటికొచ్చేవి. పాత జవాబు పత్రాల కాగితం, మనియార్డరు ఫారం ముక్క, ఏది దొరికితే అది. పైన పెన్సిలుతో "తెల్ల వంగ, ముల్లు లేదు", "నేతి బీర, పునర్వసు" అని రాసి ఉండేది. సిరాతో రాస్తే చెమటకి చెరిగిపోతుందని పెన్సిలు. విత్తనానికి డబ్బు పుచ్చుకునేవారు కాదు. తొలికాయ మాత్రం విత్తనం ఇచ్చినవాళ్ళింటికి వెళ్ళాలి. కాయతోపాటు కబురూ వెళ్ళేది: ఎన్ని మొలిచాయి, ఏ కార్తెలో పూసింది, చేదు తగిలిందా. ఏ గింజ ఏ నేలలో ఎలా వస్తుందో అలా తెలిసేది. అంత నమ్మకమైన లెక్క ఇప్పటి విత్తనాల ప్యాకెట్టు మీద దొరకదని నా గట్టి అభిప్రాయం.

విత్తనాల దాపు చూడాలి. గుమ్మడి గింజల్ని పచ్చిపేడలో అద్ది పిడకలా గోడకి కొట్టేవారు. ఎండాక ఏ పురుగూ ముట్టదు, కావలసినప్పుడు పిడక విరిచి గింజ తీసుకోవడమే. బీరకాయని తీగమీదే ఎండనిచ్చి, కాయపళంగా చూరుకి కట్టేవారు. గింజ లోపలే భద్రం, పీచు స్నానానికి. వంగ, మిరప, తోటకూర గింజలు బూడిదలో కలిపి ఎండిన ఆనపబుర్రలో పోసి, మూతికి గుడ్డ బిగించి, పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీసేవారు. బుర్రల్లో పెద్దవి రెండు మాత్రం విత్తనాలకి దక్కేవి కావు. వాటిని పిల్లల వీపుకి కట్టి కాలవలో ఈత నేర్పేవారు.

*

మగవాళ్ళ కబుర్లు అరుగు మీదైతే ఆడవాళ్ళవి పిట్టగోడ మీద. గిలక చప్పుడుని బట్టే ఎవరింట్లో ఎవరు నీళ్ళు తోడుతున్నారో తెలిసేది. ఒకరి గిలక సన్నగా ఈలేసేది, ఒకరిది మూలిగేది. ఆముదం చుక్క వేసిన రోజున చప్పుడు లేక, "ఏం వదినా, ఇవాళ నీళ్ళు తోడలేదా?" అని అవతలి నుంచి పలకరింపు.

"అక్కయ్యా, మా చిక్కుడుకి పేనుబంక పట్టింది, ఏం చెయ్యను?"

"ముందు చీమల్ని ఆపు. పాదు మొదలు చుట్టూ పొడిబూడిద గట్టులా పొయ్యి. ఆ తర్వాత చిగుళ్ళ మీద కుంకుడు నీళ్ళు కొట్టు."

ఆ వరస చాలా ముఖ్యం. పేనుబంక విసర్జించే తీపి కోసం చీమలే దాన్ని కాపాడతాయి, దాన్ని తినడానికొచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. చీమల్ని ఆపకుండా పేను మీద ఎన్నిసార్లు కొట్టినా మళ్ళీ వస్తుంది.

చిక్కుడు గురించి ఇంకోమాట. పెరటి చిక్కుడుని ఆషాఢంలో పెట్టేవారు. పగలు పొట్టిబడితే గానీ దానికి పూత రాదు. అందుకే కార్తీకంలో పూసి, సంక్రాంతికి గుత్తులు వేలాడి, రథసప్తమినాటికి చిక్కుడుకాయలతో రథం కట్టడానికి, పాయసం పెట్టే ఆకులకి సరిపోయేది. ఇప్పుడు మేడ మీద జనవరిలో పెట్టి, "తీగ బ్రహ్మాండంగా ఉంది, పూత లేదు" అని ఎరువు మీద ఎరువు వేసేవాళ్ళని చూస్తుంటాను. ఆ తీగ అక్టోబరు దాటేదాకా ఆకులే ఇస్తుంది. లోపం ఎరువులో లేదు. ఏడాది పొడుగునా కాసే పొద చిక్కుడు రకాలు వేరే ఉన్నాయి, తొందరున్నవాళ్ళు అవి పెట్టుకోవాలి.

పిందెకి వేలు చూపిస్తే కుళ్ళిపోతుందనేవారు. చూపించాలంటే వేలు మడిచి చూపించాలి. పిల్లలందరం బుద్ధిగా వేళ్ళు మడిచేవాళ్ళం. వేలు చూపించిన చెయ్యే తర్వాత పట్టుకుని లాగుతుంది, నలిగిన పిందె నిలవదు. ఒక ముక్కలో పిల్లల చేతుల్ని పందిరికి దూరంగా ఉంచే ఉపాయం అది. ఇక కింద రాలిన పుచ్చు పిందెల్ని ఏ పూటకాపూట ఏరి గేదెల కుడితిలో వేసేవారు. పండు ఈగ పిల్లలు కాయలోంచి బయటపడి మట్టిలోకి దిగి గూడు కడతాయి. రాలిన పిందె ఒక్కరోజు నేలమీద ఉందంటే వచ్చే నెల ఈగలన్నీ మన పాదు కిందే పుడతాయి. గేదె లేని మేడ మీద పిందెల్ని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి రెండు వారాలు ఎండలో పడేస్తే సరిపోతుంది.

ఆనపకాయ తరిగేముందు ఒక చిన్న ముక్క నాలిక మీద పెట్టుకునేవారు. చేదైతే కాయంతా పారెయ్యడమే, ఆ తీగ గింజ దాచకపోవడమే. ఆ చేదు కడుపులోకి వెళితే ప్రమాదం. ఉడికించినా పోదు. ఈ అలవాటు ఎవరూ మానకూడదు.

*

నీళ్ళ సంగతికి వస్తే, పెరట్లో ఒక్క చెంబెడు వృథా పోయేది కాదు. స్నానాల రాయి నుంచి చిన్న బోదె, దాని వెంట అరటి, తర్వాత చేమ, చివర కంద. ఎక్కువ తాగేది ముందు, తక్కువ చాలేది చివర. అరటి మొదట్లో ఒక్క పిలకనే ఉంచి మిగతావి తీసేసేవారు, లేకపోతే గెల చిన్నదైపోతుంది. అప్పుడు ఒంటికి సున్నిపిండి, తలకి కుంకుడుకాయ, గిన్నెలకి చింతపండూ బూడిదా. ఆ నీళ్ళు మొక్కకి హాని చెయ్యవు. ఇప్పటి గిన్నెల సబ్బునీళ్ళు అలా మళ్ళిస్తే కొన్నాళ్ళకి మట్టి బిగుసుకుపోతుంది.

మేడ మీద ఎదురయ్యేది బోరునీళ్ళ గొడవ. ఆకుల అంచులు మాడి, కుండీ పక్కన తెల్లటి పొక్కు కడితే అది ఉప్పు. నీళ్ళ శుద్ధి యంత్రం వదిలేసే నీళ్ళలో ఆ ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది, మొక్కలకి వద్దు. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పుండదు కనుక బాల్చీ పెట్టి పట్టుకోవచ్చు. వానాకాలంలో రెండు మంచి వానల్ని కుండీ అడుగునుంచి పారిపోనిస్తే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది.

సగం డ్రమ్ము తడిమట్టితో 150 కిలోల దాకా తూగుతుంది. కాబట్టి దూలం మీదకో పిట్టగోడ వారకో వచ్చేలా, నాలుగు ఇటుకల మీద పెట్టాలి, నడిమి స్లాబు మీద పెట్టకూడదు. మట్టి రెండు పాళ్ళు, చివికిన ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, డ్రమ్ముకి 100 గ్రాముల వేపపిండి. కొబ్బరిపొట్టుని ముందు రెండుసార్లు నానబెట్టి పిండెయ్యాలి, దాన్లోనూ ఉప్పుంటుంది. బూడిద మాత్రం పెరట్లో చల్లినట్టు చేటలతో పొయ్యకూడదు. నేల పెద్దది, తట్టుకుంది. డ్రమ్ముకి నెలకో గుప్పెడు మించితే మట్టి క్షారమెక్కి కొత్త ఆకులు పాలిపోతాయి.

*

దీపాలు పెట్టాక మొక్కని ముట్టుకోకూడదు, అవి నిద్రపోతాయి అనేవారు. ఈ ఒక్క మాట మేడ మీద నిలబెట్టలేకపోతున్నాం. పొట్ల, బీర, ఆనప పూలు విచ్చేది పొద్దువాలాకే. పొట్లపువ్వు తెల్లటి జాలరు అల్లినట్టు చీకట్లో విప్పుకుంటుంది. పెరట్లో ఆ వేళకి రెక్కల పురుగులు గుంపుగా వచ్చేవి, పుప్పొడి పని అవే చూసుకునేవి. అయిదంతస్తుల ఎత్తుకి అన్ని రావు. అందుకని మగపువ్వు కోసి, రేకలు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు నడిమి బొడిపె మీద మెల్లగా రాయాలి. ఆడపువ్వు కింద పిందె ముందే ఉంటుంది, మగపువ్వుకి ఒట్టి కాడ. పొట్లకి మొదటి వారం పది రోజులూ మగపూలే గుత్తులుగా వస్తాయి, కంగారు పడక్కర్లేదు. పని కుదిరిందంటే మూడో రోజుకి పిందె లావెక్కి కిందికి వంగుతుంది. కుదరకపోతే కొసనుంచి పసుపెక్కి రాలుతుంది.

తీగ చివర ఒక కాయని విత్తనానికి వదిలాను. దానికి రాయి కట్టలేదు. చారలు మాసి, కొసనుంచి నారింజ రంగు పాకుతోంది. ఇంకో వారానికి మెత్తబడి తనంతట తనే పగులుతుంది. లోపలి ఎర్రటి గుజ్జుతో సహా గింజల్ని బూడిదలో రుద్ది, కడిగి, మూడు రోజులు నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పెంకు బీటలు వేస్తుంది. మూడో అంతస్తు పిన్నిగారు నాలుగు గింజలు అడిగారు, ఎదురు బ్లాకులో రిటైరైన లెక్కల మాస్టారు ఆరడిగారు. కాగితం ముక్కలు కత్తిరించి పెట్టుకున్నాను, పెన్సిలు కూడా చెక్కి ఉంచాను.